రక్తంతో రాని వారసత్వం: నల్లజాతి గే కళాకారుల గతాన్ని వెతికిన సినిమాలు

అలెక్స్ హేలీ ‘రూట్స్’ సహవాసి కలంతో ‘ఏడు తరాలు’గా తెలుగులోకి వచ్చినప్పటి నుంచి, అమెరికా నల్లజాతివారి చరిత్ర అనగానే మన పాఠకులకు ముందుగా గుర్తొచ్చేది ఒక వంశవృక్షం. కుంటా కింటే, అతని కూతురు కిజీ, ఆమె కొడుకు జార్జి, ఆ తర్వాతి సంతానం... తాత చెప్పిన మాట మనవడి దాకా వచ్చిన వరస అది. బానిసత్వం తెంచేసిన బంధాన్ని ఆ కథ ఇంట్లో వినిపించిన మాటల ఆధారంగా మళ్లీ ముడివేసింది. అయితే అదే సమాజంలో పుట్టి, తనలాంటి మరో పురుషుణ్ణి ప్రేమించిన కవికో చిత్రకారుడికో ఈ దారి ఉపయోగపడదు. తనకు ముందు తనవంటి వాళ్లు బతికారనీ, రాశారనీ, బొమ్మలు వేశారనీ అతనికి ఇంట్లో చెప్పేవాళ్లు ఉండరు. అతని పూర్వీకులు అతని వంశంలోని వాళ్లు కారు.

మరి వాళ్లను ఎక్కడ వెతకాలి? 1980ల చివరి నుంచి వచ్చిన కొన్ని తక్కువ ఖర్చు సినిమాలు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి. ఇవి డాక్యుమెంటరీలా, కథాచిత్రాలా అన్న సందేహం ప్రేక్షకులకు కలుగుతుంది. ఇందులో ఎంత చరిత్ర, ఎంత కల్పన అన్న అనుమానం కూడా వస్తుంది. చాలామంది వీటిని ‘అస్తిత్వ సినిమాలు’ అన్న అరలో పెట్టి ఊరుకుంటారు. ఆ మాట అబద్ధం కాదు కానీ సగమే నిజం. ఈ సినిమాలు ‘నేనెవరు’ అని అడిగినంత గట్టిగా ‘నాకు ముందు ఎవరున్నారు’ అని కూడా అడుగుతాయి. వాటి రూపం అంత వింతగా ఉండటానికి కారణం ఈ రెండో ప్రశ్నే.

డబ్బు ఎక్కడిదన్నదే మొదటి తేడా

ఇక్కడ ‘స్వతంత్ర సినిమా’ అంటే హాలీవుడ్ పెద్ద స్టూడియోల పెట్టుబడి, అజమాయిషీ లేకుండా తీసిన సినిమా. కానీ ఏ సినిమా అయినా డబ్బు లేకుండా తయారు కాదు. స్టూడియో ఇవ్వకపోతే మరెవరో ఇవ్వాలి. అమెరికాలో ఆ పాత్రను ప్రభుత్వ కళానిధి, ప్రజా టెలివిజన్, చిన్న ఫౌండేషన్లు పోషించాయి. బ్రిటన్‌లో 1982లో మొదలైన టీవీ సంస్థ ఛానల్ ఫోర్, నల్లజాతి యువకుల సినిమా బృందాలకు ఆసరాగా నిలిచింది. పూర్తయిన సినిమా థియేటర్లలోకి నేరుగా రాదు. సన్‌డాన్స్, బెర్లిన్ వంటి ఉత్సవాల్లో కనబడి, అక్కడ ఎవరైనా పంపిణీదారు ముందుకొస్తే పట్టణాల్లో కొన్ని తెరల మీదికి చేరుతుంది.

ఈ వివరం పొడిగా అనిపించవచ్చు కానీ వివాదాల మూలం ఇక్కడే ఉంది. పన్ను కట్టేవారి డబ్బు కొంతైనా కలిసిన సినిమా మీద చట్టసభ సభ్యుడికైనా, ఎన్నికల అభ్యర్థికైనా ‘మా డబ్బుతో ఇలాంటివి తీస్తారా’ అని అడిగే సందు దొరుకుతుంది. ఆ సందులో ఏం జరిగిందో తర్వాత చూద్దాం.

మరో స్పష్టత కూడా అవసరం. గే అన్న మాట పురుషుల పట్ల ఆకర్షణ గల పురుషులకు వర్తిస్తుంది. స్త్రీలను ప్రేమించే స్త్రీలు లెస్బియన్లు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం మొదటివారి గురించే ఉన్నా, ఒక లెస్బియన్ దర్శకురాలి సినిమాను పక్కన పెట్టడం కుదరదు. వారసత్వం లేని చోట దాన్ని తయారు చేయవచ్చా అన్న ప్రశ్నను అందరికంటే సూటిగా అడిగింది ఆమే.

తరాల మధ్య మాట ఎందుకు తెగింది

మొదటి కారణం కుటుంబం. ఇంట్లో తెలియకూడదని దాచుకున్న జీవితం ఆ ఇంటి జ్ఞాపకంగా మిగలదు. రెండోది పత్రాలు. ఉత్తరాలు, డైరీలు, ఫొటోలు ఎవరి చేతికి చేరతాయో వాళ్లు వాటిలో కొన్నింటిని దాస్తారు, కొన్నింటిని పారేస్తారు. నల్లజాతి గౌరవం కోసం పోరాడుతున్న పెద్దలకు తమ గొప్ప కవి ఒకరు గే అని వినబడటం ప్రత్యర్థులకు ఆయుధం అందించినట్టే అనిపించేది. గే చరిత్ర రాసిన తెల్లవాళ్లకేమో నల్లవాళ్లు కనబడలేదు. రెండు చరిత్రల్లోనూ వీళ్లు అంచుల్లోనే మిగిలిపోయారు.

మూడో కారణం ఎయిడ్స్, అది అన్నిటికంటే క్రూరమైనది. నల్లజాతి గే రచనల తొలి సంకలనాల్లో ఒకటైన ‘ఇన్ ద లైఫ్’ను 1986లో వెలువరించిన జోసెఫ్ బీమ్ 1988లో పోయాడు. దర్శకుడు మార్లన్ రిగ్స్ 1994లో, కవి ఎసెక్స్ హెంఫిల్ 1995లో పోయారు. ముగ్గురూ నలభై దాటలేదు. పెద్దలు మౌనంగా ఉండిపోయారు, మాట్లాడటం మొదలుపెట్టిన తరమేమో మాట పూర్తి కాకుండానే రాలిపోయింది. ఈ సినిమాల్లో కనబడే తొందరను అర్థం చేసుకోవడానికి ఈ తేదీలు చాలు.

1926: ఒకే ఒక్క సంచిక వచ్చిన పత్రిక

ఈ సినిమాలు పదే పదే తిరిగి వెళ్లే చోటు 1920ల హార్లెమ్. న్యూయార్క్ నగరంలోని ఆ పేటలో నల్లజాతి కవులు, సంగీతకారులు, చిత్రకారులు ఒకే కాలంలో వికసించిన ఆ దశను హార్లెమ్ పునరుజ్జీవనం అంటారు. అందులోని యువ బృందం ఒకటి వెస్ట్ 136వ వీధిలో 267 నంబరు ఇంట్లో కూడేది. వాలెస్ థర్మన్, లాంగ్‌స్టన్ హ్యూస్, జోరా నీల్ హర్‌స్టన్, ఆరన్ డగ్లస్, గ్వెండొలిన్ బెనెట్, జాన్ డేవిస్, రిచర్డ్ బ్రూస్ నూజెంట్ అనే ఏడుగురు కలిసి 1926 నవంబరులో ‘ఫైర్!!’ అనే పత్రిక తెచ్చారు. తెచ్చింది ఒకే సంచిక, దాని వెల ఒక డాలరు. ఆ రోజుల్లో అది హార్లెమ్ పాఠకుడు సులువుగా పెట్టగలిగే డబ్బు కాదు. అచ్చుకూలి అప్పు థర్మన్ మెడకు చుట్టుకుంది, అమ్ముడుపోని ప్రతుల్లో చాలా భాగం నిజంగానే అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

పత్రిక ఎవరి మీద తిరుగుబాటో చూస్తేనే దాని ప్రాముఖ్యం తెలుస్తుంది. సరిగ్గా అంతకు ముందు నెలలో, అంటే 1926 అక్టోబరులో, నల్లజాతి హక్కుల నాయకుడు డబ్ల్యూ. ఈ. బి. డుబాయ్ ‘క్రైసిస్’ పత్రికలో కళ అంతా ప్రచారమేనని, అలాగే ఉండాలని వాదిస్తూ వ్యాసం రాశారు. నల్లవాడి గురించి లోకానికి చెప్పే ప్రతి మాటా అతని హక్కుల పోరాటానికి తోడ్పడాలన్నది ఆ తరం నమ్మకం. దాన్ని ఇవాళ కొట్టిపారేయడం తేలికే. మనుషుల్ని చెట్టుకు వేలాడదీసి చంపుతున్న రోజుల్లో, పత్రికలో వచ్చే ప్రతి బొమ్మా తమను జంతువుల్లా చూపిస్తున్న రోజుల్లో ఆ జాగ్రత్తకు అర్థం ఉంది. యువకుల సమాధానం వేరు. మంచివాళ్లమని రుజువు చేసుకోవాల్సిన అవసరం మాకెందుకు, మా వేశ్యలూ మా తాగుబోతులూ మా ప్రేమలూ మాకు కథావస్తువులు కావా అన్నది వాళ్ల వాదన. పత్రిక నిషేధానికి గురైతే పేరొస్తుందని ఆశించి, ఒకరు వేశ్య మీద, మరొకరు స్వలింగ ప్రేమ మీద రాయాలనుకున్నామనీ, ఎవరికి ఏదన్నది నాణెం ఎగరేసి తేల్చుకున్నామనీ నూజెంట్ తర్వాత చెప్పుకొచ్చారు. రెండోది ఆయన వంతయింది.

అలా వచ్చిన ‘స్మోక్, లిలీస్ అండ్ జేడ్’ కథలో ఏమంత సంఘటనలు లేవు. అలెక్స్ అనే పందొమ్మిదేళ్ల కళాకారుడు పడుకుని సిగరెట్ తాగుతూ ఆలోచిస్తుంటాడు. ఒక స్త్రీనీ, ‘బ్యూటీ’ అని తాను పిలుచుకునే ఒక పురుషుణ్ణీ ఒకేసారి ప్రేమిస్తున్నానని గ్రహిస్తాడు. వాక్యాలకు ముగింపు చుక్కలు ఉండవు. మూడేసి చుక్కలతో ఒక తలపు ఇంకో తలపులోకి పొగలాగా జారిపోతుంది. అతను సిగ్గుపడడు, చావడు, మారనూ మారడు. ఒక నల్లజాతి రచయిత పురుషుడి పట్ల పురుషుడి కోరికను ఇంత బాహాటంగా అచ్చు వేయించడం అదే మొదలని సాహిత్య చరిత్రకారులు సాధారణంగా చెబుతారు. అయినా ఆయన ‘రిచర్డ్ బ్రూస్’ అని మాత్రమే సంతకం చేసి ఇంటిపేరు వదిలేశారు. కథను నవలలో మొదటి భాగంగా ప్రకటించి, చివర ‘సశేషం’ అని వేశారు. పత్రికే ఆగిపోవడంతో ఆ సశేషం అలాగే ఉండిపోయింది.

ఆలెయిన్ లాక్ స్పందన ఇక్కడ చెప్పుకోదగ్గది. 1925లో ‘ద న్యూ నీగ్రో’ సంకలనంతో ఈ ఉద్యమానికి పేరూ పెద్దరికమూ తెచ్చిన ఆయన స్వయంగా గే. అయినా ‘ఫైర్!!’ను సమీక్షిస్తూ, అందులో క్షీణదశకు చెందిన నాజూకు పోకడలు వినిపిస్తున్నాయని చురక వేశారు. కనుక ఈ గొడవను గేల మీద ఇతరులు చేసిన దాడిగా మాత్రమే చూడలేం. ఏది బయటికి చెప్పాలి, ఏది లోపల ఉంచుకోవాలి అన్న విషయంలో అదే జీవితం గడిపినవాళ్ల మధ్యే ఒప్పందం లేదు.

‘బ్రదర్ టు బ్రదర్’: జరగడానికి వీల్లేని భేటీ

రాడ్నీ ఎవాన్స్ రచించి దర్శకత్వం వహించిన ‘బ్రదర్ టు బ్రదర్’ 2004లో సన్‌డాన్స్ ఉత్సవంలో ప్రత్యేక జ్యూరీ బహుమతి పొందింది. ఇందులో పెర్రీ అనే యువ చిత్రకారుణ్ణి, గే అని తెలిసి తండ్రి ఇంట్లోంచి వెళ్లగొడతాడు. ఈ పాత్రలో ఆంథొనీ మాకీ నటించాడు. మార్వెల్ సినిమాలు చూసే మన కుర్రాళ్లకు అతను కొత్త ‘కెప్టెన్ అమెరికా’గా తెలిసే ఉంటాడు. ఇల్లు లేనివారి ఆశ్రయంలో పనిచేస్తుండగా పెర్రీకి ఒక వృద్ధుడు తారసపడతాడు. ఆ వృద్ధుడే బ్రూస్ నూజెంట్. రోజర్ రాబిన్సన్ ఆయన వేషం కట్టాడు.

పెర్రీ కథ రంగుల్లో, 1920ల కథ నలుపు తెలుపుల్లో నడుస్తాయి. ముసలాయన మాట్లాడుతుండగా హార్లెమ్ ఇల్లు మేలుకుంటుంది. థర్మన్, హ్యూస్, హర్‌స్టన్ నవ్వుతూ, పోట్లాడుకుంటూ, టైపు కొడుతూ, తాగుతూ కనిపిస్తారు. ఎవాన్స్ తీర్చిన ఈ అల్లికలో తరాల మధ్య సమాంతరాలు చాలా ఉన్నాయి. అప్పటి యువకులకు తెల్ల ప్రచురణకర్త ఏం కావాలని అడిగాడో, ఇప్పటి పెర్రీ చిత్రాలకు ఆర్ట్ మార్కెట్ ఏం కావాలని అడుగుతుందో పక్కపక్కన పెట్టి చూపిస్తాడు. తెల్ల విద్యార్థి జిమ్ పెర్రీ పట్ల చూపే మోజులో ప్రేమ ఎంత, చర్మపు రంగు మీది వ్యామోహం ఎంత అన్నది పెర్రీని వేధిస్తుంది. రచయిత జేమ్స్ బాల్డ్విన్‌ను చరిత్ర పాఠంలో గేగా ప్రస్తావించవచ్చా అన్న తగువు తరగతి గదిలోనే తలెత్తుతుంది. పెర్రీ నల్లవాళ్ల మధ్య గేగా, గేల మధ్య నల్లవాడిగా ఒంటరవుతాడు.

ఇక్కడే తేదీలు చూడాలి. నిజమైన నూజెంట్ 1906లో వాషింగ్టన్‌లో పుట్టి, 1987లో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో కన్నుమూశారు. సినిమా మాత్రం 2000ల నాటి న్యూయార్క్‌లో నడుస్తుంది. అంటే ఈ ఇద్దరూ కలుసుకునే అవకాశమే లేదు. దీన్ని పొరపాటని కొందరు అనుకోవచ్చు. నా ఉద్దేశంలో సినిమా మొత్తం నిలబడింది ఈ అసాధ్యం మీదే. 1980ల్లో యువకుడై ఉండి, నూజెంట్ తలుపు తట్టగలిగే తరంలో ఎంతోమంది ఎయిడ్స్‌కు బలయ్యారు. తర్వాతి తరానికి ఆ తలుపు తెరిచేవాళ్లు లేరు. కల్పన ఆ లోటును దాచకుండా, దాని మీదే భేటీని కట్టింది.

నిజజీవితంలో ఈ చేతుల మార్పిడి మరోలా జరిగింది. థామస్ వర్త్ అనే సంపాదకుడు నూజెంట్‌తో స్నేహం చేసి, 1982లో ‘ఫైర్!!’ను యథాతథంగా పునర్ముద్రించాడు. 2002లో నూజెంట్ రచనలనూ చిత్రాలనూ పుస్తకంగా తెచ్చాడు. వృద్ధుడైన నూజెంట్ 1984 నాటి ‘బిఫోర్ స్టోన్‌వాల్’ డాక్యుమెంటరీలో కెమెరా ముందు మాట్లాడారు కూడా. ఎవాన్స్ పనిచేసింది గాలిలోంచి కాదు, ఎవరో కాపాడి ఉంచిన కాగితాల మీద.

సినిమాకు లోపాలు లేవనడం లేదు. వర్తమాన కథలో పాత్రలు తరచు ఉపన్యాస ధోరణిలో మాట్లాడతాయి. నలుపు తెలుపు భాగంలో ఉన్న ఉల్లాసం రంగుల భాగంలో పలచబడుతుంది. నూజెంట్ జీవితంలోని చిక్కుముళ్లు కొన్ని సాఫీ అయ్యాయి. ఉదాహరణకు ఆయన 1952లో గ్రేస్ మార్ అనే స్త్రీని పెళ్లాడారు. ఆదర్శ పూర్వీకుణ్ణి వెతుక్కునే సినిమాకు ఇలాంటి వివరాలను ఇముడ్చుకోవడం కష్టం.

చనిపోయిన కవి ఎవరి సొత్తు

ఎవాన్స్ కంటే పదిహేనేళ్ల ముందే బ్రిటిష్ దర్శకుడు ఐజాక్ జూలియన్ ఈ హార్లెమ్ వైపు చూశాడు. లండన్‌లోని సంకోఫా బృందం తరఫున 1989లో ఆయన తీసిన ‘లుకింగ్ ఫర్ లాంగ్‌స్టన్’ నిడివి సుమారు 45 నిమిషాలు. మొత్తం నలుపు తెలుపు. జేమ్స్ బాల్డ్విన్ స్మృతికి అంకితమైన ఈ సినిమాను జీవిత చరిత్ర అనడానికి లేదు. శవపేటికలో పడుకుని దర్శకుడే కనిపిస్తాడు. సూటు తొడుక్కున్న పురుషులు ఒక నేలమాళిగ బార్‌లో నాట్యం చేస్తుంటారు. 1920ల దృశ్యాలు, 1980ల సంగీతం, నూజెంట్ కథలోని భాగాలు, హెంఫిల్ కవితలు ఒకదానిమీద ఒకటి పరచుకుంటాయి.

సినిమా పేరులోని కవి లాంగ్‌స్టన్ హ్యూస్ తన అనురాగాల గురించి బహిరంగంగా ఎన్నడూ చెప్పలేదు. ఆయన రచనల హక్కులు చూసే వారు సినిమాను వ్యతిరేకించారు. 1989 న్యూయార్క్ చలనచిత్రోత్సవంలో హ్యూస్ కవితలు వినిపించే చోట్ల శబ్దం తగ్గించేయాల్సి వచ్చింది. ప్రేక్షకులకు బొమ్మ కనబడింది కానీ కవి గొంతు వినబడలేదు.

ఈ వివాదంలో రెండు పక్షాలకూ బలమైన వాదనలున్నాయి. ఆర్నాల్డ్ రాంపర్సాడ్ రెండు సంపుటాల్లో రాసిన ప్రామాణిక జీవిత చరిత్ర, హ్యూస్ గే అనడానికి నమ్మదగ్గ ఆధారం దొరకలేదన్న వైపు మొగ్గింది. చనిపోయిన మనిషి తాను చెప్పుకోని మాటను అతని నోట పెట్టడం న్యాయం కాదన్న అభ్యంతరం మామూలు సంకుచితత్వం కాదు. అది చరిత్రకారుడి క్రమశిక్షణ. ఎదుటి పక్షం అడిగేదేమిటంటే, దాచుకోవడమే బతకడానికి షరతుగా ఉన్న కాలంలో లిఖిత ఆధారం ఎలా మిగులుతుంది? స్త్రీలను ప్రేమించాడనడానికి ఏ రుజువూ అడగని చరిత్ర, పురుషులను ప్రేమించాడనడానికి మాత్రం పత్రాలు అడిగితే ఆ తూకం సమానమైనదేనా?

జూలియన్ ఈ కేసును గెలవాలని చూడలేదు. శీర్షికలో ఉన్నది ‘వెతకడం’ మాత్రమే. కవి ఫలానా అని తేల్చకుండా, తర్వాతి తరం అతనిలో దేన్ని వెతుక్కుందో చూపించాడు. ఈ తేడా గుర్తుంటే సినిమా మీద వచ్చిన చాలా అభ్యంతరాలు దారి తప్పినవని తెలుస్తుంది. హక్కుల ప్రశ్న మాత్రం అలాగే మిగిలే ఉంది.

ఐదు వేల డాలర్లు, ఒక ఎన్నికల ప్రకటన

అదే 1989లో మార్లన్ రిగ్స్ ‘టంగ్స్ అన్‌టైడ్’ తీశాడు. దీని నిడివి 55 నిమిషాలు. గుండె చప్పుడు లాంటి లయ మీద కవితలు, ఒప్పుకోళ్లు, పాటలు, వేళ్లు చిటికె వేయడంలోని రకాల మీద ఒక హాస్య పాఠం సాగుతాయి. చిన్నప్పుడు జార్జియా రాష్ట్రంలో విన్న తిట్లను, నోటిని మాత్రమే దగ్గరగా చూపించే షాట్లలో ఒకదాని వెంట ఒకటి వినిపిస్తాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో గేల పేటగా పేరున్న కాస్ట్రోకు వెళ్తే అక్కడి పోస్టర్లలో, దుకాణాల్లో, బార్లలో తనలాంటి ముఖం ఎక్కడా లేదని గ్రహిస్తాడు. పత్రికలో వచ్చిన మరణవార్తల ఫొటోలు ఒక్కొక్కటే తెరమీదికి వచ్చి, చివరికి అతని ముఖం దగ్గర ఆగుతాయి. పాత పౌరహక్కుల ఊరేగింపు దృశ్యాల్లోకి నల్లజాతి గేల ఊరేగింపు కలిసిపోతుంది. వారసత్వం గురించి సినిమా చేసే వాదన ఆ ఒక్క కలయికలో ఉంది. మీరు మమ్మల్ని లెక్కలోకి తీసుకోకపోయినా ఆ నడకకు మేమూ వారసులమే అంటుంది.

ప్రజా టెలివిజన్ 1991లో దీన్ని ప్రసారం చేయబోతే దేశంలోని అనేక స్టేషన్లు ప్రసారానికి నిరాకరించాయి. సినిమాకు చేరిన 5,000 డాలర్ల గ్రాంటులో జాతీయ కళానిధి డబ్బు కలిసి ఉందన్నది విమర్శకుల ప్రధానాస్త్రం. 1992లో రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిత్వం కోసం అధ్యక్షుడు బుష్‌తో తలపడిన పాట్ బ్యూకనన్, సినిమాలోని దృశ్యాన్ని తన టీవీ ప్రకటనలో వాడి, ప్రభుత్వం అశ్లీలానికి పన్నుల సొమ్ము పెడుతోందని ఆరోపించాడు. ఒక సినిమాకు దాని ఖర్చుతో పొంతనలేని ప్రచారం ఇలా కూడా వస్తుంది.

సినిమా లోపలి వాదన మీద వచ్చిన చర్చ ఇంతకంటే ఆసక్తికరం. ‘నల్ల పురుషులు నల్ల పురుషులను ప్రేమించడమే విప్లవ కార్యం’ అన్న ప్రకటనతో సినిమా ముగుస్తుంది. రిగ్స్ జీవిత సహచరుడు మాత్రం తెల్లవాడు. ఇది కపటమని కొందరన్నారు. ఆ ‘ప్రేమ’లో శృంగారంతో పాటు సోదరభావం, ఆత్మగౌరవం కూడా ఉన్నాయని, రిగ్స్ మాట్లాడింది ఒక సమాజం తనను తాను చూసుకునే తీరు గురించేనని మరికొందరన్నారు. సినిమాను మొదటి నుంచి చివరిదాకా చూస్తే రెండో వాదనకే బలం ఎక్కువ కనిపిస్తుంది. మొదటి ప్రశ్నను అడిగేవాళ్లను తప్పుపట్టడానికి మాత్రం లేదు, ఎందుకంటే జోసెఫ్ బీమ్ రాసిన ఆ వాక్యాన్ని అంత తెగేసి తెరమీద ప్రకటించింది రిగ్సే.

లేని పూర్వీకురాలిని సృష్టించడం

షెరిల్ డన్యె 1996లో తీసిన ‘ద వాటర్‌మెలన్ వుమన్’ ఇంకో అడుగు వేసింది. ఫిలడెల్ఫియాలో వీడియో షాపులో పనిచేసే షెరిల్ అనే యువతి, 1930ల హాలీవుడ్‌లో పనిమనిషి వేషాలు కట్టిన ఒక నల్లజాతి నటి గురించి ఆరా తీస్తుంది. సినిమా టైటిళ్లలో ఆ నటికి అసలు పేరు కూడా లేదు, ‘ద వాటర్‌మెలన్ వుమన్’ అని మాత్రమే ఉంటుంది. ఫొటోలు, పాత రీళ్లు, ముఖాముఖిలు ఒక్కొక్కటే దొరికి, ఆమె ఫే రిచర్డ్స్ అనీ, స్త్రీలను ప్రేమించిందనీ తేలుతుంది. చివర్లో తెరమీద ఒక వాక్యం వస్తుంది. ఒక్కోసారి మన చరిత్రను మనమే సృష్టించుకోవాలి, ఈ నటి కల్పితం అని దాని సారాంశం. ఆ పాత ఫొటోలన్నీ జోయ్ లెనర్డ్ అనే కళాకారిణి ఈ సినిమా కోసం తీసినవే.

ప్రేక్షకుణ్ణి ఇలా నమ్మించి చివర్లో చెప్పడం మోసం కాదా? హేలీ వంశచరిత్రలో కూడా ఎంత చరిత్ర, ఎంత కల్పన అన్న వివాదం ఏళ్ల తరబడి సాగింది. తేడా ఏమిటంటే, హేలీ దాన్ని తన నిజమైన వంశంగా చెప్పాడు, డన్యె మాత్రం గుట్టు తానే విప్పింది. విప్పాక ప్రేక్షకుడికి మిగిలేది ఒక లెక్క. ఇలాంటి నటి ఒకరు ఉండి ఉండవచ్చని తాను ఇంత సులువుగా నమ్మాడంటే, నిజంగా ఉన్నవాళ్లలో ఎంతమంది జాడ లేకుండా పోయి ఉంటారు? ఈ సినిమాకు చేరిన 31,500 డాలర్ల ప్రభుత్వ గ్రాంటు మీద కూడా అమెరికా కాంగ్రెస్‌లో గొడవ జరిగింది.

‘ఇల్లు’ అనే ఏర్పాటు, కెమెరా పట్టిన చేయి

జెనీ లివింగ్‌స్టన్ 1990లో పూర్తిచేసిన ‘ప్యారిస్ ఈజ్ బర్నింగ్’ న్యూయార్క్‌లోని నల్లజాతి, లాటినో గేల, ట్రాన్స్ మహిళల ‘బాల్’ పోటీలను, అంటే ముస్తాబై నడకలో, నాట్యంలో పోటీపడే వేడుకలను, చిత్రించిన డాక్యుమెంటరీ. కన్నవాళ్లు వెళ్లగొట్టిన పిల్లలు ఇక్కడ ‘హౌస్’ అనే కుటుంబంలో చేరతారు. దానికి ఒక ‘తల్లి’ ఉంటుంది. పిల్లలు ఆ హౌస్ పేరును ఇంటిపేరుగా పెట్టుకుంటారు. పెపర్ లబేజా, విలీ నింజా అలా వచ్చిన పేర్లే. నడక, నాట్యం, దుస్తులు, మాటకారితనం అనే విద్యలు ఆ తల్లి నుంచి పిల్లలకు అందుతాయి.

తెల్లజాతికి చెందిన లివింగ్‌స్టన్ దర్శకత్వం మీద నల్లజాతి స్త్రీవాద రచయిత్రి బెల్ హుక్స్ ఘాటైన విమర్శ రాశారు. కెమెరా పట్టినవారు తమ స్థానాన్ని దాచుకున్నారనీ, తెల్ల సంపన్న స్త్రీ రూపాన్ని ఆదర్శంగా కొలవడాన్ని సినిమా ప్రశ్నించలేదనీ ఆమె అభ్యంతరం. జెండర్ సిద్ధాంతకారులు జుడిత్ బట్లర్ దీనికి భిన్నంగా, ఆ అనుకరణలో లొంగుబాటు, ఎదిరింపు రెండూ కలిసే ఉన్నాయని వాదించారు. సినిమా విజయవంతమయ్యాక అందులో కనిపించిన వారికి దక్కిందేమిటన్న తగాదా లాయర్ల దాకా వెళ్లింది. చివరికి కొంత సొమ్ము పంచారు. వారసత్వాన్ని చూపించిన సినిమా ఆదాయంలో ఆ వారసత్వపు యజమానులకు వాటా ఉండాలా అన్న ప్రశ్న ఇతర సినిమాల విషయంలో ఇంత బాహాటంగా రాలేదు.

‘మూన్‌లైట్’ తర్వాత

బారీ జెంకిన్స్ ‘మూన్‌లైట్’ 2017 ఫిబ్రవరిలో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకోవడంతో దారి సుగమమైందన్న అభిప్రాయం బలపడింది. దానికి మూలం తారెల్ ఆల్విన్ మక్రేనీ రాసిన నాటకం. మక్రేనీ గే, జెంకిన్స్ కాదు. ఇద్దరూ మయామీలోని లిబర్టీ సిటీలో పెరిగినవాళ్లే. ‘మా కథ మేమే చెప్పాలి’ అన్న వాదన ఇక్కడ తేలికగా ఇమడదు. ఒక దర్శకుడు ఆ పేటకు లోపలివాడై, ఆ అనుభవానికి బయటివాడై ఉండవచ్చు. అయితే ఈ సినిమా కథానాయకుడికి కళాకారుల పరంపర ఏదీ లేదు. అతనికి ఈత నేర్పే పెద్దమనిషి ఉన్నాడు కానీ చదవడానికి పుస్తకం అందించే నూజెంట్ లేడు. ఎవాన్స్, జూలియన్ వేసిన ప్రశ్నను ఇది కొనసాగించలేదు, వేరే ప్రశ్నను ఎత్తుకుంది.

సగంలో ఆగిన పనులు ఎవరు పూర్తిచేశారు

‘బ్రదర్ టు బ్రదర్’ అన్న పేరు ఎవాన్స్ సినిమాతో మొదలు కాలేదు. జోసెఫ్ బీమ్ తన 1986 సంకలనంలో రాసిన వ్యాసానికి ఆ పేరు పెట్టాడు. రెండో సంకలనాన్ని సిద్ధం చేస్తూ చనిపోయాడు. హెంఫిల్ ఫిలడెల్ఫియా వెళ్లి, బీమ్ తల్లి డొరతీ బీమ్ సాయంతో ఆ పనిని ముగించి, 1991లో అదే పేరుతో పుస్తకంగా తెచ్చాడు. ఇల్లు ఈ జ్ఞాపకాన్ని దాటించదన్న సాధారణ సూత్రానికి ఆ తల్లి పెద్ద మినహాయింపు. బీమ్ కాగితాలు ఇప్పుడు హార్లెమ్‌లో నల్లజాతి చరిత్ర పత్రాలను భద్రపరిచే షాంబర్గ్ కేంద్రంలో ఉన్నాయి.

రిగ్స్ చివరి సినిమా ‘బ్లాక్ ఈజ్... బ్లాక్ ఎయింట్’ది కూడా ఇదే కథ. ఆసుపత్రి మంచం మీద నుంచే సూచనలిస్తూ వచ్చిన ఆయన మరణించాక, సహచరులు ఆ పనిని పూర్తి చేశారు. రిగ్స్ ‘టంగ్స్ అన్‌టైడ్’ను అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2022లో జాతీయ చలనచిత్ర భాండారంలో చేర్చుకుంది. ఒకప్పుడు ప్రజాధనం దుర్వినియోగానికి రుజువుగా చూపించిన సినిమాను ఇప్పుడు ప్రజాధనంతోనే భద్రపరుస్తున్నారు.

హెంఫిల్ పరిస్థితి అంత సజావుగా సాగలేదు. ఆయన ‘సెరిమొనీస్’ 1992లో వచ్చినా ఏళ్ల తరబడి అచ్చులో దొరకలేదు. ఎంపిక చేసిన కవితల సంపుటి ఒకటి వెలువడేసరికి 2025 వచ్చింది, అంటే ఆయన పోయిన ముప్ఫై ఏళ్లకు. ఆ మధ్యకాలంలో కొత్తగా వచ్చిన పాఠకులు ఆయన కవిత్వాన్ని ఎక్కువగా విన్నది 1989 నాటి ఆ రెండు సినిమాల్లోనే.